పేజీ పక్కన ఉండిపోయిన పేరు

“నేను సచ్చిన్నా, బతికున్ననా? నువ్వే చెప్పమ్మా. రాసింది నువ్వే గద.”

“ఎదురుంగ నిలవడి లొల్లి చేస్తున్నవ్. సచ్చినోడు గింత లొల్లి చేస్తడా?”

“గట్లయితే గీ ఫోన్ల ఏమున్నదో సదువు. గట్టిగ సదువు, బయట నిలవడ్డోళ్లు గూడ వినాలె.”

“సదివిన. నీ పేరే ఉన్నది.”

“పేరు ముంగట ఏమున్నది?”

నేను ఫోను తిరిగి అతని చేతిలో పెట్టబోయాను.

“సెప్పవేంది? కీర్తిశేషులు అని ఉన్నది. కింద తారీకున్నది. మూడు కార్డులొచ్చినయ్, మూడింటి మీద మూడు తారీకులు. నేను ఏ దినం పోయిన్నో జర నువ్వన్న చెప్పు.”

“అరవకు. కడుపు పట్టుకొని అరుస్తున్నవ్, పేగు జారుతది.”

“జారనీ. ఎట్లయినా పోయినోన్నే గద!”

సూర్యాపేటలో పాత హైవే పక్కన ఉన్న మా డీటీపీ షాపు గుమ్మంలో జరిగిన మాటలివి. అరిచినవాడు సైదులు. తిరుమలగిరి దగ్గరి ఊరు, బోరు కింద పత్తి వేస్తాడు, అరవై దాటాయి. ఇంటిపేరు ఇక్కడ రాయను. ఆ పేరును ఇప్పటికే రాయకూడని చోట రాసిన దాన్ని నేను.

పక్కన అతని భార్య పుల్లమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. సైదులుకు గజ్జల్లో పేగు జారింది. మరునాడు పొద్దున తొమ్మిదికి సూర్యాపేటలోనే ఒక దవాఖానలో ఆపరేషన్. అప్పటికి రెండుసార్లు వాయిదా వేశాడు. పేగు ఇరుక్కుంటే గంటల్లో ప్రాణం మీదికి వస్తుందని, మూడోసారి వాయిదా లేదని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు ఇతను గుమ్మంలో నిలబడి ఒకటే మాట అన్నాడు.

“నా పేరు అన్ని కంప్యూటర్లకెల్లి తీసేస్తెనే బల్ల ఎక్కుత. లేకుంటే ఎక్క.”

పుల్లమ్మ నా వైపు చూసింది. ఆమె అరవలేదు. “అమ్మా, నువ్వే ఏదన్న చెయ్యి” అంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను ఆరో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. కానీ చెప్పేది మాత్రం దిద్దకండి.

సీసం అక్షరాల కాలం

నేను మొదట పని నేర్చింది మిర్యాలగూడలో, ఒక పాత ప్రెస్సులో. అక్షరాలు సీసంతో చేసినవి. గూళ్లలో నుంచి ఒక్కొక్కటి ఏరి, తిరగేసి పేర్చాలి. రైసు మిల్లుల చీటీ పుస్తకాలు, పెండ్లి పత్రికలు, దినాల కార్డులు. మా యజమానిని పెద్దసారు అనేవాళ్లం. మెచ్చుకోవడం ఆయనకు తెలియదు. పని మాత్రం చేతిలో పెట్టి నేర్పేవాడు.

ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. దినాల కార్డు కట్టిన చట్రాన్ని ఎప్పుడూ విప్పకూడదు. “చింతిస్తూ తెలియజేయునది” అన్న వరస, కింద పువ్వుల గీత, బంధుమిత్రులు అన్న మాట అన్నీ అట్లాగే ఉండాలి. పోయినవారి పేరు మాత్రం తీసి, ఇంకొకరి పేరు పేర్చాలి. ఒకమ్మాయి ఒకసారి అంతా మొదటి నుంచి కొత్తగా కట్టింది. “ఖాళీ చట్రంతోని మొదలు పెట్టేటోళ్లు నాకొద్దు” అని ఆమెను ఆ రోజే పంపించాడు.

నాకు ఆ పద్ధతి నచ్చింది. పొదుపు ఏ రూపంలో ఉన్నా నాకు నచ్చుతుంది. అక్షరాలను కిరసనాయిలుతో కడిగి, అరచేతిలో ఆరబెట్టి, అవే అక్షరాలతో తర్వాతి పేరు కట్టేదాన్ని. తోక విరిగిన ‘ల’ ఒకటి ఉండేది. మూడేళ్లలో మిర్యాలగూడ చుట్టుపక్కల పోయినవాళ్లలో పేరులో ‘ల’ ఉన్న ప్రతి మనిషికీ ఆ విరిగిన తోకే. అది ఎంతమంది పేర్లలో కూర్చుని లేచిందో నాకే తెలుసు. అప్పుడు దాని గురించి ఏమీ అనుకోలేదు. చేతులు నల్లగా ఉండేవి, కడుక్కునేదాన్ని.

సూర్యాపేటకు వచ్చి కంప్యూటరు పెట్టుకున్నాక కూడా ఆ పద్ధతినే తెచ్చుకున్నాను. కొత్త ఫైలు తెరవను. పోయిన వారం చేసిన కార్డు తెరుస్తాను, పేరు మారుస్తాను, ఫొటో మారుస్తాను, వేరే పేరుతో దాచుకుంటాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్లలో డీటీపీ చేసే ప్రతివారూ ఇట్లాగే చేస్తారు. ఎవరన్నా కాదంటే అబద్ధం చెబుతున్నట్టు. అందుకే కొత్తగా పనిలో చేరిన పిల్లలు మొదటి వారం భయపడతారు. పొద్దున్నే ఫైలు తెరవగానే గుండ్రటి చట్రంలో నిన్నటి మనిషి ముఖం ఉంటుంది. కొత్తవారు వచ్చి కూర్చునే దాకా ఆ ముఖం అక్కడి నుంచి లేవదు.

ఏ కంప్యూటరు గెలిచింది

పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. “అమ్మా, ఏ విండోస్ మంచిది? లినక్స్ మంచిదా?” ఆ ప్రశ్నే తప్పు. పక్క షాపులో ఏది ఉందో అడగాలి.

నేను విండోస్ తొంభై ఎనిమిదితో మొదలుపెట్టాను. తర్వాత ఎక్స్‌పీ వచ్చింది. పచ్చటి గుట్ట, పైన నీలి ఆకాశం ఉన్న బొమ్మ. ఆ బొమ్మ ఒక్కటే సూర్యాపేటను పదిహేనేళ్లు ఏలింది. ఏడు వచ్చింది, పది వచ్చింది, పదకొండు వచ్చింది. పెద్ద ఊళ్లలో ఎక్స్‌పీ పోయాక కూడా మా బజారులో ఉంది. కారణం మంచితనం కాదు. మా పాత తెలుగు ఫాంట్లు అందులో కుదురుగా కూర్చుంటాయి, మా వేళ్లకు ఆ కీబోర్డు అలవాటు. నెట్టు తీగ పీకేసి ఇప్పటికీ ఒకదాన్ని మూలన నడుపుతున్నాం.

కోదాడ వాళ్లు తొందరగా మారారు. వాళ్లకు అవతలి జిల్లాల నుంచి పని వస్తుంది, అక్కడివారు కొత్త విండోస్‌లో చేసి పంపిస్తారు. తెరవలేకపోతే పని పోతుంది. అందుకే మారారు. మిర్యాలగూడలో మిల్లుల ఆఫీసులు ఏది వాడితే బజారంతా అదే. మ్యాక్ అనేది నేను చూసింది ఒక్కటే, సూర్యాపేటలో ఒక ఫొటో స్టూడియోలో. దాని మీద చేతిరుమాలు కప్పి ఉంచేవాడు. జనం వచ్చి చూసిపోయేవారు, ఎవరూ దానిలో పని చేయించుకోలేదు.

ఇక నేను చేసిన మొదటి పెద్ద పొరపాటు లినక్స్. ఊరికే వస్తుందని విన్నాను. ఊరికే వచ్చేదాన్ని నేను వదలను. అప్పట్లో షాపులోనే నడిపిన నెట్ సెంటర్‌లో ఉన్న నాలుగు కంప్యూటర్లలోనూ వేయించాను. హాల్ టికెట్ల కోసం వచ్చిన పిల్లలు కూర్చుని, తెర చూసి, లేచి పక్క షాపుకు పోయారు. “ఇది మనది గాదు” అన్నాడు ఒకడు. వారం రోజులు నాలుగు కుర్చీలూ ఖాళీ.

నేను విండోస్ వెయ్యలేదు. ఒక పచ్చటి గుట్ట బొమ్మ, నీలి ఆకాశం వెతికి ఆ నాలుగు తెరల మీదా పెట్టాను. ఎడమ పక్కన కింద, వాళ్లు చూసే చోట, స్టార్ట్ అని రాసిన పచ్చ గుర్తు పెట్టించాను. మరునాటి నుంచి కూర్చున్నారు. గంటల తరబడి పని చేసుకున్నారు. లోపల ఉన్నది వేరేదని ఒక్కరూ అడగలేదు. ఆ రోజు సంతోషపడ్డాను గానీ, సాయంత్రం షట్టర్ వేసే ముందు ఆ నాలుగు గుట్టల్నీ చూసి, తెరలు గోడ వైపు తిప్పి పెట్టాను. పైన ఒక ముఖం, లోపల ఇంకొకరు. జనానికి ముఖం చాలు.

నా రెండో పొరపాటు

ఇది ఎక్స్‌పీ రోజుల నాటిది. ఒక ఎండాకాలం పొద్దున మైసయ్య అనే ఆయన వచ్చాడు. తమ్ముడికి బోరు స్టార్టర్ దగ్గర కరెంటు కొట్టింది, దవాఖానలో ఉన్నాడు, డాక్టర్లు ఆశ వదులుకోమన్నారు.

“కార్డు చేసి పెట్టమ్మా. మళ్ల మళ్ల టౌనుకు రాలేను. సుట్టాలు శానమంది.”

“ఇంక బతికే ఉన్నడు గద?”

“ఇయ్యాల రేపు అంటుండ్రు. తారీకు ఒక్కటి ఖాళీ ఉంచు.”

చేయకూడని పని. చేతిలో పని కాదనడం నాకు రాదు. ‘కీ.శే.’ పెట్టి పేరు కొట్టాను. ఆ పేరును అందంగా చేయడానికి చాలాసేపు పట్టింది. వెనక నీడ, చుట్టూ సన్న గీత, అక్షరాల మధ్య సమానమైన ఎడం. తారీకు దగ్గర చుక్కలు.

మూడో రోజు తమ్ముడు లేచి కూర్చున్నాడు. మైసయ్య మళ్లీ వచ్చి నవ్వుతూ, ఏడుస్తూ, “అది తీసెయ్ అమ్మా, ఉంచకు” అన్నాడు. “తీసేస్త, పో” అన్నాను.

తీయలేదు. అంత కష్టపడి చేసిన అక్షరాలు. మౌస్‌తో పట్టుకుని ఆ పేరును, కింది చుక్కలను కాగితం అంచు దాటించి పక్కకు లాగి పెట్టాను. అంచు బయట ఉన్నది అచ్చులో పడదు. తర్వాత ఏ కార్డు వచ్చినా ఆ పేరుకు నకలు తీసి, ఆ నకలు మీద కొత్త పేరు కొట్టేదాన్ని. నీడ, గీత, ఎడం అన్నీ సిద్ధంగా ఉండేవి. అసలు పేరు మాత్రం పక్కన అట్లాగే ఉండిపోయింది.

ఆ బతికిన తమ్ముడే సైదులు.

ఆ ఫైలును నా దగ్గర నేర్చుకున్న రమణ కోదాడకు తీసుకుపోయాడు. అతని దగ్గర నుంచి మరియమ్మ మిర్యాలగూడకు తీసుకుపోయింది. వాళ్ల దగ్గర నుంచి ఎవరు తీసుకున్నారో తెలియదు. ఇన్నేళ్లలో ఈ మూడు ఊళ్లలో ఎంతమంది దినాల కార్డులు ఆ ఫైలు మీద నుంచి పుట్టాయో లెక్క లేదు. ప్రతి కార్డు పక్కనా, ఎవరికీ కనపడకుండా, సైదులు నిలబడి ఉన్నాడు.

కాగితం కార్డుల కాలం కాబట్టి కనపడలేదు. ఇప్పుడు అందరూ కార్డును బొమ్మగా మార్చి ఫోన్లకు పంపిస్తున్నారు. బొమ్మ తీసేవారు అంచు సరిచూసుకోకపోతే బయట ఉన్నది కూడా వచ్చేస్తుంది. అట్లా మూడు కార్డులు ఊరి గ్రూపుల్లో తిరిగి, సైదులు ఫోనుకే చేరాయి. ఎవరివో ముఖాలు, పక్కన ఇతని పేరు. అప్పటి కార్డు సంగతి మైసయ్య చెబితే నా దగ్గరికి వచ్చాడు.

అయితే తారీకు నేను పెట్టలేదు. చుక్కలే పెట్టాను. అది నాకు అర్థం కాలేదు.

కోదాడలో తెలిసింది

మా షాపులో పని నా కోడలు సుజాత చూస్తుంది. నేను దిగిపోయి రెండేళ్లయింది. ఆమె మొదట మూలన ఉన్న ఎక్స్‌పీని, తర్వాత తన విండోస్ కంప్యూటర్లను వెతికి, కనపడిన ప్రతి ఫైల్లోనూ ఆ పేరు తుడిచింది. ఎక్స్‌పీలో తారీకు చుక్కలుగానే ఉంది.

“అత్తమ్మా, మన దగ్గర ఖతం. కాని ఆళ్ల దగ్గర?” అంది.

సైదులు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. “ఆళ్ల దగ్గరికి గూడ పోవాలె. పుల్లమ్మ కండ్లతోని సూడాలె. నీ మాట నేను నమ్మ” అన్నాడు. సరే, నమ్మకూడని పనే చేశాను. సుజాతను అతని దగ్గర ఉంచి, పుల్లమ్మను తీసుకుని పదకొండు గంటల బస్సెక్కాను.

కోదాడలో రమణ షాపు అద్దాలతో మెరుస్తోంది. ఆరు కంప్యూటర్లు, అన్నీ కొత్త విండోస్. నన్ను చూసి లేచాడు.

“రండమ్మా, ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ని గదా.”

“కూసోవడానికి రాలేదురా. దినాల ఫైలు తెరువు.”

తెరిచాడు. పేజీ పక్కన సైదులు పేరు. నీడ, గీత, ఎడం, నా చేతి పని. కింద తారీకు. చూస్తే ఆ రోజుదే.

పుల్లమ్మ అంకెలు చదవగలదు. “ఇయ్యాల్టిది గద?” అంది మెల్లగా.

“ఇంకొకటి తెరువు” అన్నాను. పోయిన ఏడాది చేసిన కార్డు తెరిచాడు. దాని పక్కన కూడా సైదులు, కింద ఆ రోజు తారీకే. మూడోది తెరిచాడు. అదీ అంతే. ఏ ఫైలు తెరిస్తే అందులో అతను ఆ రోజే చనిపోయి ఉన్నాడు.

రమణ తల గోక్కున్నాడు. “అది నేను పెట్టిందేనమ్మా. అక్కడ చుక్కలుంటే, కార్డు ఏ రోజు చేశామో గుర్తుంటదని తారీకు దానంతటదే పడేట్టు పెట్టాను. తెరిచిన రోజు తారీకు చూపిస్తది. ఆ చుక్కలు ఎవరివో నాకు తెలీదు.”

“పైన పేరు సదవలేదా?”

“చదివానమ్మా. ఎప్పుడో పోయినాయన అనుకున్నా. ఇన్నేళ్లు రోజూ చూస్తున్నా గదా, మనోడే అనిపించింది.”

పుల్లమ్మ అతన్ని చాలాసేపు చూసింది. “రోజు సూస్తుండ్రా?” అంది. రమణ తెర వైపు తిరిగాడు. ఆరు కంప్యూటర్లలోనూ కూర్చుని తుడిచాడు. ఆమె ప్రతి తెర ముందూ నిలబడింది. పేరు పోయిన ప్రతిసారీ కొంగుతో మూతి తుడుచుకుంది.

పిల్లలూ, ఇక్కడ ఒక మాట. రమణ చెడ్డవాడు కాదు, చురుకైన పనివాడు. నేను వదిలేసిన చెత్తను అతను ఇంకొంచెం తెలివిగా చేశాడు, అంతే. మన పనిలో ప్రమాదాలు ఇట్లాగే పెరుగుతాయి. ఒకరి సోమరితనం మీద ఇంకొకరి తెలివి కూర్చుంటుంది.

మిర్యాలగూడలో చూసింది

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి మూడయింది. మరియమ్మ షాపు చర్చి వీధిలో. పెండ్లి కార్డులు, జ్ఞాపకార్థ కూడిక కార్డులు చేస్తుంది. నా దగ్గర నేర్చిన వాళ్లలో పొదుపు నేర్చుకున్నది ఆమె ఒక్కతే. రెండు పాత కంప్యూటర్లు, రెండింటిలోనూ ఊరికే వచ్చే లినక్స్. గోడకు సిలువ, బల్ల మీద చల్లారిన చాయ్.

“నీ ఫైలా అమ్మా? శాన దినాలైంది తెరవక. ఇండ్ల ఆ పాత ఫాంట్లు లేవు, అక్షరాలన్ని ఆగమయితయి. నేను కొత్తగ కొట్టుకుంటున్న.”

“ఆగమయినా సరే, తెరువు.”

తెరిచింది. కార్డంతా పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాలు, గడులు. బంధుమిత్రులు అన్న చోట ఒక వరస ప్రశ్నార్థకాలు. గుండ్రటి చట్రంలో ఫొటో లేదు, నల్లగా ఉంది. చదవడానికి ఒక్క మాట లేదు.

పక్కన మాత్రం సైదులు పేరు ఉంది. ఇంటిపేరుతో సహా, శుభ్రమైన తెలుగులో, ఒక్క ఒత్తు చెదరకుండా.

నేను కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాను. అది కూడా నేను అదే పాత ఫాంటులో కొట్టిందే. మిగతావి చెదిరిపోతే అదీ చెదరాలి. తర్వాత రమణను ఫోనులో అడిగాను, పేరు కొత్త అక్షరాల్లో కొట్టావా అని. తారీకు తప్ప ఏమీ ముట్టలేదన్నాడు. మరియమ్మ బైబిలు మీద చెయ్యి పెట్టి తాను కొట్టలేదంది. ఎవరు కొట్టారో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసినట్టు రాయను.

పుల్లమ్మ పేరు చూడలేదు. కింద అంకెలు చూసింది.

“అమ్మా, గిది ఇయ్యాల్టిది గాదు.”

చూశాను. మరునాటి తారీకు. ఆపరేషన్ రోజు.

 మరియమ్మ లేచి నిలబడింది. నేను తెర కింద మూలన గడియారం చూశాను. అది కూడా మరునాటి తారీకే చూపిస్తోంది. కంప్యూటరు లోపల గడియారానికి చిన్న గుండీ బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే తారీకు తప్పుతుంది. అదే పుల్లమ్మకు చెప్పాను.

“బ్యాటరీ అయిపోయినట్టుంది. దీని గడియారం ఒక దినం ముంగటికి పోయింది. అంతే.”

“పొద్దుగాల కరెక్టే ఉండె అమ్మా” అంది మరియమ్మ. అనకుండా ఉంటే బాగుండేది. నిజానికి బ్యాటరీ పోయిన కంప్యూటరు ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఒక్క రోజు ముందుకు పోవడం నేను చూడలేదు. అది పుల్లమ్మకు చెప్పలేదు.

“తుడువు” అన్నాను. మరియమ్మ తుడిచింది. రెండో కంప్యూటరులో కూడా తుడిచింది. తర్వాత గొంతు తగ్గించి, “అమ్మా, ఈ ఫైలు నా దగ్గర్నుంచి శానమంది తీస్కపోయిండ్రు. వాడపల్లి కాడ ఫ్యాక్టరీలల్ల పనిచేసేటోళ్లు గూడ పెన్‌డ్రైవ్‌లల్ల ఏస్కపోయిండ్రు. ఎవరెవరో నాకేం ఎరుక?” అంది.

సరిగ్గా అప్పుడే పుల్లమ్మ ఫోను మోగింది. సైదులు. దవాఖానలో చేర్చుకునే వేళయింది, వాళ్ల చిన్న బిడ్డ వచ్చి పక్కన ఉంది, అతను మాత్రం లోపలికి పోవడం లేదట. ఫోను నాకిచ్చింది.

“ఏమయ్యింది?”

“మూడు ఊర్లల్ల తుడిసినం. నీ భార్య కండ్ల ముంగట.”

“ఖతమా?”

నలభై ఏళ్లకు పైగా పని చేశాను. కార్డు ఆలస్యమైతే ఆలస్యమని చెప్పాను, తప్పు పడితే నాదే అన్నాను. గిరాకీతో అబద్ధం చెప్పకూడదని పిల్లలకు వాత పెట్టినట్టు నేర్పాను. పుల్లమ్మ నా మొహంలోకి చూస్తోంది. ఆమె మరియమ్మ మాట విన్నది. తారీకు చూసింది.

“ఖతం” అన్నాను.

“పుల్లమ్మకియ్యి.”

ఇచ్చాను. ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుని, గోడ మీది సిలువను చూస్తూ, “నేను సూసిన. ఎక్కడ లేదు. నువ్వు లోపలికి పో. బువ్వ తినకు, డాక్టరమ్మ వద్దన్నది” అంది.  ఫోను పెట్టేశాక బల్ల మీద ఉన్న చల్లారిన చాయ్ తాగింది. అది ఎవరిదని అడగలేదు.

బస్సులో ఇద్దరం సూర్యాపేటకు తిరిగి వచ్చాం. దిగేటప్పుడు ఒకటే అడిగింది.

“గడియారమేనా అమ్మా?”

“గడియారమే.”

మరునాడు పొద్దున

తొమ్మిదింటికి సైదులును లోపలికి తీసుకుపోయారని వాళ్ల చిన్న బిడ్డ ఫోన్ చేసి సుజాతకు చెప్పింది. నేను ఎనిమిదికే షాపుకు వచ్చి కూర్చున్నాను. రెండేళ్లుగా పొద్దున్నే రావడం మానేశాను, ఆ రోజు వచ్చాను.

పదింటికి ఒకాయన వచ్చాడు. వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తా, సొంతూరు సూర్యాపేట పక్కనే. తండ్రి పోయాడు. దినాల కార్డు అక్కడే ఎవరో చేసిచ్చారట, ఫొటో మార్చి అచ్చు వేస్తే చాలన్నాడు. పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. సుజాత దాన్ని పెట్టి ఫైలు తెరిచింది. వాళ్ల నాన్న పేరు సరిగ్గానే ఉంది. పేజీ పక్కన, అంచు బయట, సైదులు పేరు ఉంది. కింద ఆ రోజు తారీకు.

సుజాత నా వైపు తిరిగింది. “అత్తమ్మా...”

“లే” అన్నాను. ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను. పేరు మీద మౌస్ పెట్టి పట్టుకుని తుడిచాను. తారీకు తుడిచాను. దాచాను. మూసి మళ్లీ తెరిచి చూశాను. లేదు. తర్వాత ఆ ఫైలే వద్దనుకుని కొత్తది, ఖాళీది తెరిచాను. పెద్దసారు చూస్తే పంపించేసేవాడు. ‘చింతిస్తూ’ అన్న మాట దగ్గర నుంచి అన్నీ మొదటి నుంచి కొట్టాను. కీబోర్డు కొత్తది, వేళ్లు తడబడ్డాయి. గంటకు పైగా పట్టింది. గుమాస్తా విసుక్కోకుండా బెంచీ మీద కూర్చున్నాడు. తండ్రి పేరులో ఒత్తు సరిగ్గా ఉందా అని రెండుసార్లు అడిగి, అచ్చు వేశాను.

పదకొండున్నరకు పుల్లమ్మ ఫోన్ చేసింది.

“అయిపోయిందమ్మా. బయటికి తీస్కొచ్చిండ్రు. కండ్లు తెరిసిండు. నీళ్లియ్యమని లొల్లి పెడుతుండు, ఇయ్యొద్దంటుండ్రు.”

“ఇయ్యకు” అన్నాను.

“ఇయ్య” అంది. కాసేపు ఇద్దరం ఫోను పట్టుకునే ఉన్నాం. అవతల సైదులు అరుస్తున్నది వినపడుతూనే ఉంది.